మస్తాన్‌రావు ముఖం నాదే అనుకున్నాను

ఇసుకగా ఉన్నన్నాళ్ళూ నాకు ఎవరి మీదా అసూయ లేదు. కొలిమిలో కరిగి, పలకనై, వీపున వెండి పూత పూయించుకుని అద్దంగా మారాకే ఈ జబ్బు పట్టుకుంది. ఎదుటివాళ్ళ ముఖం నా సొత్తనుకోవడం, అది పక్కకు తిరిగితే ఉడికిపోవడం.

చిలకలూరిపేట హైవే పక్కన, లారీలు ఆగే స్థలానికి ఎదురుగా ఆంజనేయులు సెలూన్‌లో నన్ను బిగించారు. అక్కడ దువ్వెనంటే నాకు గిట్టేది కాదు. అది జుట్టును తాకుతుంది, నేను చూడగలను అంతే. ఫోన్లు వచ్చాక మరీ అన్యాయం. ఎదురుగా నేనుండగా అరచేతిలోకి చూసి మీసం దువ్వుకునే మనుషులను ఏమనాలి?

డ్రైవర్ మస్తాన్‌రావు మాత్రం అలా కాదు. మిర్చి లోడుతో కలకత్తా దాకా వెళ్ళి వచ్చేవాడు. రాగానే, ఇంటికి కూడా పోకుండా, గడ్డం గీయించుకోవడానికి నా ముందు కూర్చునేవాడు. నిగనిగలాడే మీసం, నిండు బుగ్గలు. భార్య నాగేంద్రం కంటే ముందు ఆ ముఖాన్ని చూసేది నేనే. ఆమెను చూడకుండానే ఆమె మీద గెలిచినట్టు ఉండేది.

రత్తయ్య అని ఇంకో డ్రైవర్ ఉండేవాడు. బుగ్గలు పీక్కుపోయి, చొక్కా వేలాడుతూ ఉండేది. అతను లేచి వెళ్ళగానే మస్తాన్‌రావు కుర్చీ తుడిపించేవాడు.

"బాబాయ్, వాడి కత్తి నాకు పెట్టబాక."

"వాడిది వేరే పెట్టాలేరా అబ్బాయ్. మొహం చూస్తే తెలవట్లా ఏం జబ్బో!"

నేనూ అదే అనుకున్నాను. ముఖాలు చదవడంలో నన్ను మించినవారు లేరని నా నమ్మకం.

ఒకసారి మస్తాన్‌రావు ట్రిప్పు నుంచి వాడిపోయి వచ్చాడు. ఛాతీ మీద ఎర్రటి దద్దుర్లు, మెడ పక్కన బిళ్ళలు కట్టాయి.

"జొరం బాబాయ్. గొంతు దిగట్లా."

"వేడి చేసిందిరా. మజ్జిగ తాగు."

తరువాతి ట్రిప్పుకల్లా దద్దుర్లు పోయాయి, బుగ్గలు మళ్ళీ నిండాయి. ఏళ్ళు గడిచినా ఆ ముఖానికి ఏ మచ్చా రాలేదు. నేనూ ఆ జ్వరాన్ని మరిచిపోయాను.

ఒక ఉదయం డ్రైవర్లకు హెచ్ఐవి, షుగరు పరీక్షలు చేయడానికి ప్రభుత్వాసుపత్రి నుంచి సుభాషిణి అనే కౌన్సిలర్ వచ్చింది. ఒక్కొక్కరితో విడిగా మాట్లాడాలని సెలూన్ అడిగి తీసుకుని, షట్టరు సగం దించింది. ముందు రత్తయ్య లోపలికి వెళ్ళాడు. బయటికి వస్తూనే కేకేశాడు.

"హెచ్ఐవి లేదంట బాబాయ్! ఉన్నది షుగరంట! ఇకనన్నా అందరి కత్తీ నాకు పెడతావా?"

"అందరికీ ఒకటే కత్తేంటి? మనిషి మనిషికీ కొత్త బ్లేడు వెయ్యాలి" అంది సుభాషిణి లోపలి నుంచే. ఆంజనేయులు తల గోక్కున్నాడు.

మస్తాన్‌రావు నవ్వుతూ వచ్చి కూర్చున్నాడు. "నన్ను చూస్తే జబ్బున్నోడిలా ఉన్నానా అమ్మా?"

"చూస్తే తెలిసేదైతే ఈ అద్దమే చెప్పేదిగా! నేనెందుకు రావటం?"

ఆ మాట నాకు గాటు పెట్టినట్టయింది.

ఆమె అతని వేలికొనపై పొడిచి, రక్తపు చుక్కను వేలెడంత ప్లాస్టిక్ ముక్క మీద వేసి నా కింది బల్ల మీద పెట్టింది. దానికి కళ్ళు లేవు, వెండి పూత లేదు. అతని మీసం నలుపో తెలుపో కూడా ఎరగదు. అయినా మస్తాన్‌రావు నన్ను వదిలి దాన్నే చూస్తూ కూర్చున్నాడు. అందులో రెండో గీత తేలింది, హెచ్ఐవి ఉందని. ఏళ్ళ కిందటి ఆ జ్వరం నుంచీ నేను చూస్తూ కూడా చూడనిదాన్ని అది కాసేపట్లో చెప్పేసింది. ఆ ముక్కను చూసి కుళ్ళుకున్నంతగా నేను దేన్ని చూసీ కుళ్ళుకోలేదు.

"ఇదే ఆఖరు మాట కాదు. ఆసుపత్రిలో మళ్ళీ చూసి నిర్ధారిస్తారు" అంది సుభాషిణి. "ఎప్పుడైనా కండోమ్ లేకుండా బయట..."

అతను తల దించుకున్నాడు. "నాగేంద్రానికి?"

"ఆమెకీ పరీక్ష చేస్తేనే తెలుస్తుంది. అందాకా కండోమ్ లేకుండా దగ్గరకు వెళ్ళొద్దు."

"చెబితే పుట్టింటికి పోద్దమ్మా."

"చెప్పకపోతే ఆమె ప్రాణం మీదకు తెస్తావు. ఏది కావాలో చూసుకో."

మొదటిసారి అతను తల దువ్వుకోకుండా వెళ్ళిపోయాడు.

ఆసుపత్రిలోనూ అదే మాట తేలింది, రోజూ మింగమని మాత్రలిచ్చారు. కొన్నాళ్ళకు ఆంజనేయులు గోడంత కొత్త అద్దం కొని నన్ను దించేస్తే, మస్తాన్‌రావే అడిగి ఇంటికి తెచ్చుకున్నాడు. అలా నాగేంద్రాన్ని చూశాను. అతను ఆమెకు అంతా చెప్పాడని, ఆమెకు సోకలేదని ఒక పరీక్షలో, మూడు నెలల తరువాత ఇంకో పరీక్షలో తేలిందని ఆ ఇంటి మాటల్లో విన్నాను.

ఆమె పుట్టింటికి పోలేదు. కానీ అతని ముఖం చూసి మాట్లాడటం మానేసింది. నా ముందు నిలబడి బొట్టు పెట్టుకుంటూ, నాలో కనిపించే మస్తాన్‌రావుతోనే చెప్పేది: "అన్నం మూత పెట్టా. మాత్ర మింగి తిను." అతనూ నాలోకే చూసి తలూపేవాడు. ఇద్దరికీ మధ్య నేనే దారి. అంత సంబరం సెలూన్‌లో ఎన్నడూ ఎరగను. ఎప్పటికీ అలాగే ఉండాలని కోరుకున్నాను కూడా.

రోజూ వేళకు మాత్ర మింగాడు. ఒక మధ్యాహ్నం ఆసుపత్రి నుంచి వచ్చి గుమ్మంలోనే ఆగిపోయాడు. ఆమె నా ముందు జడ వేసుకుంటోంది.

"రక్తంలో వైరస్ కనపడట్లేదంట. మందు ఆపకుండా ఇట్టాగే ఉంటే నా నుంచి నీకు అంటదంట. డాక్టరమ్మ నిన్నూ తీసుకురమ్మంది, నీకే చెబుతానంది."

ఆమె చేతిలో జడ ఆగింది. నాలో ఉన్న అతన్ని చాలాసేపు చూసింది. తరువాత నాకు వీపు తిప్పి, అతనికేసి నిలబడింది.

"ఏందీ? మళ్ళీ చెప్పు."

అతని ముఖం నాకు కనపడలేదు. సగం అల్లిన ఆ జడ అడ్డమొచ్చింది.