లవంగం వేయని గిన్నె

"ఇందులో ఉప్పు మర్చిపోయావే చిట్టీ," అంది అత్తగారు, గరిటెడు నోట్లో పోసుకుని పెదాలు చప్పరిస్తూ.

పక్క గదిలో బట్టలు మార్చుకుంటున్న చిట్టి ఉన్నపళాన పరుగెత్తుకొచ్చింది. "అయ్యో అత్తయ్యా, అది తాగేది కాదు!"

"తాగేది కాదా? మరి నంజుకునేదా?"

"కాదు. వాసన చూసేది."

అత్తగారు గరిటె దించి గిన్నెలోకి తొంగిచూసింది. నీళ్ళలో నారింజ తొక్కలు, నాలుగు ఆపిల్ ముక్కలు, వేలెడు దాల్చినచెక్క సన్నమంట మీద తాపీగా ఈదులాడుతున్నాయి. "వాసన చూడ్డానికి స్టవ్వెందుకే పిచ్చిమొహమా, ముక్కు చాలదూ?" అంది. అని ఊరుకుందా? ఇంకో గరిటెడు తాగింది. "ఎలాగూ కాచావు కదా, పారబొయ్యడం ఎందుకు" అట. చిట్టికి నవ్వాగలేదు. ఆవిడకీ ఆగలేదు. పొలమారితే చిట్టే వీపు మీద తట్టింది.

చిట్టి అంటే చిన్నపిల్ల అనుకునేరు. నలభై ఆరేళ్ళ మనిషి. పుట్టింట్లో పెట్టిన ముద్దుపేరు అత్తింటికి కూడా వచ్చి, ఇరవై రెండేళ్ళుగా ఆ గుమ్మం పట్టుకుని వేలాడుతోంది. పదకొండేళ్ళుగా పళ్ళ డాక్టరు దగ్గర పని. పిప్పిపంటిలో నింపే మందుపొడిని అద్దం పలక మీద లవంగ నూనెతో కలిపి నూరి, ముద్ద కుదిరాక డాక్టరు చేతికి అందించాలి. పల్చనైతే జారిపోతుంది, గట్టిపడితే పంటిలోకి దిగదు. ఆ పదును ఆమె చేతికి తెలిసినట్టు ఆ క్లినిక్‌లో ఇంకెవరికీ తెలియదు, డాక్టరుతో సహా. అయినా సరే, ఆమెకంటే రెండేళ్ళు చిన్నవాడైన ఆ డాక్టరుగారు నలుగురు పేషెంట్ల ముందు "అమ్మాయ్, టీ కప్పులు కడిగావా?" అంటాడు. కడిగేది కూడా ఆ చేతులే మరి. సాయంత్రానికి ఆ లవంగం ఘాటు గోళ్ళలోకి, జుట్టులోకి, చివరికి చేతిసంచీలోకి కూడా ఎక్కి కూర్చుంటుంది. బస్సులో ఆమె పక్కన కూర్చున్నవాళ్ళు తెలియకుండానే దవడ తడుముకుంటారు.

ఆ గిన్నె కథ మొదలైంది దానికి రెండు రోజుల ముందు. ఆ రోజు మొగుడుగారు పాలు స్టవ్ మీద పెట్టి, ఫోన్లో ఆట చూడటానికి హాల్లోకి వెళ్ళాడు. కాసేపటికి అక్కడినుంచే "చిట్టీ, ఏదో మాడుతున్నట్టుంది చూడు!" అని కేకేశాడు. పెట్టింది తనేనన్న సంగతి ఆయనకి గుర్తు లేదు, లేదా గుర్తుంచుకోవలసిన విషయం అనిపించలేదు. గిన్నె తోమినా మాడు కంపు పోలేదు. అత్తగారికి ఒలిచిపెట్టిన నారింజ తొక్కలు చేతిలో ఉన్నాయి. చెత్తబుట్టలో వేయబోయి, ఏం తోచిందో, వేరే గిన్నెలో నీళ్ళు పోసి వాటిని అందులో వేసింది. వాడిపోతున్న ఆపిల్ ఒకటి కోసి పడేసింది. దాల్చినచెక్క విరిచింది. లవంగాల డబ్బా దాకా వెళ్ళిన చెయ్యి వెనక్కి వచ్చేసింది. వద్దు బాబోయ్, అది పొద్దున్నించీ చాలినంత అయింది.

పది నిమిషాలకి వంటింట్లో వాసన మారింది. తియ్యగా, వెచ్చగా, కాస్త వగరుగా. చిట్టి స్టవ్ ముందు నిలబడిపోయింది. కాసేపయ్యాక తన చేతులు ఊరికే వేలాడుతున్నాయని గమనించింది. ఇరవై రెండేళ్ళలో ఆ వంటింట్లో ఆ చేతులు ఊరికే వేలాడటం అదే మొదలు! స్టూలు లాక్కుని కూర్చుంది. ఇది దించాలని లేదు, వడ్డించాలని లేదు, బాగుందో లేదో ఎవరి మొహంలోకో చూసి తెలుసుకోవాలని లేదు. నీళ్ళు ఇగిరిపోకుండా చూసుకుంటే చాలు. అప్పటినుంచి రోజూ ఆరున్నర నుంచి ఏడు దాకా ఆ అరగంట ఆమెది. ఏమీ ఆలోచించేది కాదు. ఒక్కోసారి స్టూలు మీద కాళ్ళూపుకుంటూ కూర్చునేది.

మొదట్లో మొగుడుగారు ముక్కు చిట్లించాడు. "తినేదానికి కాదు, తాగేదానికి కాదు, ఎందుకీ గ్యాస్ దండగ?" అన్నాడు. తర్వాత ఓరోజు ఆయనతో ఇన్సూరెన్స్ ఆఫీసులో పనిచేసే పెద్దాయన ఏవో కాగితాలకోసం వచ్చి, గుమ్మంలోనే ఆగి, గుండెలనిండా పీల్చి, "అబ్బ, ఇల్లంటే ఇలా ఉండాలండీ!" అన్నాడు. అంతే, ఈయన ఛాతీ రెండంగుళాలు పెరిగింది. "మా ఇంట్లో ఎప్పుడూ ఇంతేనండీ" అన్నాడు, తొక్కలన్నీ తనే ఒలిచినట్టు. ఇక ఆ తర్వాత ఫోన్లు. "చిట్టీ, ఇద్దరొస్తున్నారు, గిన్నె పడెయ్." "ఇవాళ ముగ్గురు, కాస్త ఎక్కువ పడెయ్. లవంగాలు కూడా తగిలించు, ఘాటుగా ఉంటుంది." గిన్నె పడేసి, లవంగాలు మాత్రం తగిలించకుండా, వాళ్ళకి టీలు పెట్టేది చిట్టి. ఆ రోజుల్లో స్టూలు మీద కూర్చునే వీలుండేది కాదు.

క్లినిక్‌కి ఈ సంగతి మోసింది మాత్రం తనే. అక్కడ ఎవరినీ అని లాభం లేదు. సంచీలో నారింజపళ్ళు చూసి డాక్టరు అడిగితే, ఉత్సాహం ఆపుకోలేక పూసగుచ్చినట్టు చెప్పేసింది. ఆయన కళ్ళు మెరిశాయి. "అమ్మాయ్, ఇక్కడా పెట్టు. ఈ మందు కంపుకి పిల్లలు గుమ్మంలోనే జడుసుకుంటున్నారు. ఎంతైనా ఆడవాళ్ళ చెయ్యి పడితే ఆ కళే వేరు!" టీ కాచుకునే కరెంటు స్టవ్ మీద, రోజూ ఓ అరగంట ముందొచ్చి పెట్టసాగింది. నిజం చెప్పొద్దూ, వారం రోజులు ఉబ్బితబ్బిబ్బయింది. వచ్చినవాళ్ళంతా బాగుంది బాగుంది అంటుంటే ఎవరికి చేదు? "ఐడియా నాదే" అని డాక్టరు అందరికీ చెప్పుకుంటున్నా పట్టించుకోలేదు.

ఆరు వారాలు గడిచాయి. ఒక సాయంత్రం ఇంటికొచ్చి, మొహం కడుక్కుని, తన గిన్నె తను పెట్టుకుని స్టూలు మీద కూర్చుంది. ఆవిరి లేచింది. నారింజ, దాల్చినచెక్క. ఆ వాసన తగలగానే నడుము దానంతటదే నిటారుగా అయింది. కుడిచెయ్యి గ్లవ్స్ కోసం గాల్లో వెతికింది. చెవుల్లో డ్రిల్లింగ్ మిషను గుయ్యిమంది. నోట్లోంచి మాట దానికదే వచ్చేసింది.

"తర్వాతెవరు?"

"ఎవరూ లేరే, నేనొక్కదాన్నే" అంది హాల్లోంచి అత్తగారు.

చిట్టికి ముందు నవ్వొచ్చింది. నవ్వు సగంలో ఉండగానే ఏడుపొచ్చింది. జీతానికి చేతులిచ్చింది, కాపురానికి కాళ్ళిచ్చింది, ముక్కు ఒక్కటే తనకి మిగిలిందనుకుంది. ఇప్పుడు దాన్ని కూడా తనే చెయ్యి పట్టుకుని తీసుకెళ్ళి డ్యూటీలో చేర్పించింది! తనమీద తనకే మహా కోపం వచ్చింది. మెచ్చుకుంటే చాలు, ఉన్నదంతా ఊడ్చి పెట్టేస్తుందేం తను? టప్పున స్టవ్ కట్టేసింది.

అత్తగారు గోడ పట్టుకుని నెమ్మదిగా వచ్చింది. సంగతంతా విని, స్టూలు తను లాక్కుని కూర్చుంది.

"ఆ రోజు అడక్కుండా నోట్లో పోసుకున్నానే, ఎందుకో తెలుసా? స్టవ్ మీదున్నది మాలో ఎవరికో ఒకరికి అయ్యుంటుంది గాని, నీకోసం నువ్వు పెట్టుకుని ఉంటావని నాకు తట్టలేదే. నేనెప్పుడూ పెట్టుకోలేదు మరి."

చల్లారుతున్న గిన్నెకేసి చూసి, "నీకు ఇంకే వాసన ఇష్టమే?" అని అడిగింది.

చిట్టి ఆలోచించింది. తెలియలేదు. మొగుడికి ఏది పడదో తెలుసు, అత్తగారికి ఏది వికారమో తెలుసు, ఏ మందు వాసనకి ఏ పేషెంటు కళ్ళు తిరిగి పడిపోతాడో కూడా తెలుసు.

మర్నాడు డాక్టరుతో, "రేపట్నుంచి నేను గిన్నె పెట్టను సార్" అంది.

"అదేంటమ్మాయ్! అందరూ అంత ఇష్టపడుతుంటే?"

"అయితే మీరు పెట్టండి. నీళ్ళు, తొక్కలు, సన్నని సెగ. చెయ్యి ఎవరిదైనా కళ వస్తుంది. ఇంకో మాట సార్, నన్ను అమ్మాయ్ అనకండి. మీకంటే రెండేళ్ళు పెద్దదాన్ని."

డాక్టరుగారు నోరు తెరిచాడు. ఆ క్లినిక్‌లో రోజుకి పాతికమంది తెరుస్తారు గాని, ఆయన తెరవడం అదే మొదటిసారి. చిట్టి ఏమీ ఎరగనట్టు ముద్ద నూరుకుంటూ కూర్చుంది.

ఆ సాయంత్రం ఆరు గంటలకి ఫోను. "చిట్టీ, మా మేనేజరు, వాళ్ళావిడ వస్తున్నారు. గిన్నె పెట్టావా?" "లేదండీ" అంది. హాస్యమాడుతోందనుకున్నాడు కాబోలు, నవ్వి పెట్టేశాడు. ఆరున్నరకి అతిథులతో తలుపు తీసుకుని వచ్చేసరికి వంటింట్లో స్టవ్ చల్లగా ఉంది, ఇల్లు మామూలు ఇల్లులా ఉంది. చిట్టి గుమ్మం దగ్గర చెప్పులు వేసుకుంటోంది. వచ్చినవాళ్ళకి నవ్వుతూ నమస్కారం పెట్టి, "కూర్చోండి, వీరు టీ ఇస్తారు. చక్కెర పై అరలో ఉంది" అంది.

"ఎక్కడికి?" అన్నాడు మొగుడు, గొంతు తగ్గించి.

"నాకేం ఇష్టమో చూసుకుని రావాలి. కొట్టో, తోటో, ఏటి గట్టో, ఎక్కడుందో నాకూ తెలీదు."

"ఇప్పుడా? ఇంటికి మనుషులొస్తే?"

"ఇది నా అరగంటండీ. ఇవాళ ఇంకాస్త ఎక్కువైనా పట్టొచ్చు."

వెనకనుంచి అత్తగారు శాలువా కప్పుకుంటూ వచ్చింది. "జరగరా, దారి వదులు" అని కొడుకుని పక్కకి నెట్టి, చిట్టి భుజం పట్టుకుంది. ఇద్దరూ ఒక్కో మెట్టూ దిగుతుంటే పైనుంచి ఆయన వంగి చూశాడు.

"ఇంతకీ ఎప్పుడొస్తారు?"

చిట్టి తలెత్తి చూసింది. చూసి, హాయిగా నవ్వింది.

"వచ్చాక చెప్తాం."