అక్క కణాలు

పిచ్చుకకి అసలు పేరు ఒకటుంది. మెడలో వేలాడే ల్యాబ్ కార్డు మీద అచ్చేసి కూడా ఉంది. కానీ ఆ పేరుతో పిలిస్తే ఆమె వెంటనే పలకదు. ఒకచోట కుదురుగా నిలబడదని చిన్నప్పుడు అక్క పెట్టిన పేరే నిలిచిపోయింది. యాభైకి దగ్గరపడుతున్న మనిషిని, తెల్లకోటు వేసుకుని మూలకణాలు పెంచే మనిషిని, ‘ఏమే పిచ్చుకా’ అని పిలిచే చనువు ఇప్పుడు ఒక్క అక్కకే ఉంది. ఆ అక్కకి పిచ్చుక మొహం కనిపించడం మానేసి చాలాకాలమైంది.

అక్కకి పూర్తిగా చూపు పోలేదు. చుట్టుపక్కలంతా కనిపిస్తుంది. గోడలు, గుమ్మం, నేలమీద రాలిన జుట్టు, అన్నీ. ఎటు చూస్తే అటు సరిగ్గా మధ్యలోనే ఏమీ ఉండదు, ఒక బూడిదరంగు మరక తప్ప. రెటీనా మధ్యభాగం అరిగిపోతోందని కంటి డాక్టరు చెప్పాడు. వయసుతో వచ్చే జబ్బే, అక్కకి మాత్రం ఆగలేక కాస్త ముందే వచ్చింది. అందుకని ఆమె ఎవరినైనా చూడాలంటే వాళ్ళ చెవి వైపు చూస్తుంది. అలా చూస్తే మొహం ఓరగా, మసకగా కాస్త అందుతుంది. కొత్తలో అక్కతో మాట్లాడేవాళ్ళు తమ చెవికేమైందోనని తడుముకునేవాళ్ళు. “మీ చెవులు బావున్నాయి లెండి, మొహమే కనబడి చావట్లేదు” అని అక్క నవ్వేది.

అక్కది జుట్టు కత్తిరించే షాపు. ఒకటే గది, రెండు కుర్చీలు, గోడంత అద్దం. “కత్తిరించడం ఎవరైనా కత్తిరిస్తారే” అనేది అక్క. “అయిపోయాక తల వెనక చిన్నద్దం పట్టుకుని ఎలా ఉందండీ అని అడుగుతామా, అప్పుడు ఎదురద్దంలో ఆ మొహం విచ్చుకుంటుంది చూడు. పొద్దున్నుంచీ నిలబడ్డ కాళ్ళనొప్పులు అక్కడికక్కడే పోతాయి.” ఇప్పుడు ఆ విచ్చుకునే చోటే మరక. కత్తెర మానమని బావ చెప్పి చూశాడు. చెవిన వేసుకుంటేగా! వేళ్ళతో తడిమి, కొసలు పట్టి కొలుచుకుని కత్తిరించడం అలవాటు చేసుకుంది. వంకరగానే వచ్చేది. కూర్చున్నవాళ్ళు మాత్రం చిన్నద్దంలో చూసుకుని “చాలా బాగుందండీ” అనేవాళ్ళు, మళ్ళీసారి పై వీధిలో షాపుకి వెళ్ళేవాళ్ళు. పిచ్చుక కూడా తక్కువ తినలేదు. “బ్రహ్మాండంగా ఉందక్కా” అని, ఇంటికి వెళ్ళాక పొడుగున్న వైపు జుట్టు చెవి వెనక్కి దోపి పిన్ను పెట్టుకునేది. మొహమాటాన్ని మంచితనం అనుకోవడం మనవాళ్ళకి బాగా అలవాటు. దానివల్ల ఎవరి కొంప మునుగుతోందో ఎవరికీ పట్టదు.

పిచ్చుక పనిచేసే ల్యాబ్‌లో అలాంటి కళ్ళకోసమే ఒక ప్రయోగం నడుస్తోంది. రోగి చేతి మీద నుంచి చిన్న చర్మపు ముక్క తీసుకుంటారు. ఆ చర్మపు కణాలు తమ పని మరిచిపోయి, పుట్టినప్పటిలాగా ఏమైనా కాగలిగే మూలకణాలుగా మారేట్టు చేస్తారు. వాటిని నెలల తరబడి పెంచి, మచ్చిక చేసి, రెటీనా కింద ఉండే నల్లటి కణాలుగా తయారుచేస్తారు. చివరికి గోరంత కూడా లేని పలచటి పొర ఒకటి చేతికొస్తుంది. దాన్ని కంటి డాక్టరు తీసుకెళ్ళి లోపల పరుస్తాడు. కుదిరితే మరక కొంచెం చిన్నదవుతుంది. కుదిరితేనే.

ఈ ప్రయోగంలోకి అక్కని తీసుకున్నారని తెలిసిన రోజు పిచ్చుకకి కాలు నేలమీద నిలవలేదు. మరుక్షణమే వెళ్ళి పెద్ద మేడం ముందు నిలబడింది. పెద్ద మేడం అంటే ల్యాబ్‌కి పెద్ద, ఒడ్డూ పొడుగూ చూస్తే పిచ్చుక భుజం దాకా వస్తుంది.

“ఆవిడ కణాలు నేను పెంచుతాను మేడం.”

“వద్దమ్మా. సొంత మనుషులవి సొంతవాళ్ళు చూడకూడదు. నీ చెయ్యి నీ మాట వినదు.”

“పాతికేళ్ళ చెయ్యి మేడం ఇది. నా మాట వినక ఎవరి మాట వింటుంది?”

పెద్ద మేడం చాలాసేపు ఆలోచించింది. అంత నేర్పున్న చెయ్యి ల్యాబ్‌లో ఇంకొకటి లేదన్నది నిజం. చివరికి ఊఁ అంది. ఆ ఊఁ అనకపోయి ఉంటే బాగుండేదని తర్వాత ఇద్దరూ అనుకున్నారు, ఎవరికి వారే.

కణాలకి సెలవులుండవు. రోజూ పాత ద్రవం తీసేసి, గులాబీరంగు పోషకద్రవం కొత్తగా పొయ్యాలి. ఒంటి వేడికి సమంగా ఉండే పెట్టెలో పెట్టాలి. మైక్రోస్కోపులో చూస్తే ప్లేటు అడుగున అక్కడక్కడా గుంపులు కనిపిస్తాయి. ప్లేటు నిండే వేళకి మంచి గుంపుల్ని ఏరి కొత్త ప్లేట్లలోకి మార్చాలి. పిచ్చుక వాటిని కంటికి రెప్పలా కాచింది. జ్వరంతో ఒళ్ళు కాలిపోతున్నా మాస్కు మీద మాస్కు పెట్టుకుని వచ్చింది. రోజూ సాయంత్రం షాపు కట్టేసే వేళకి అక్క ఫోన్ చేసేది.

“మనవాళ్ళెలా ఉన్నారే?”

“దివ్యంగా ఉన్నారు. ఒక్కొక్కడూ మీ ఆయనలా బలుస్తున్నాడు.”

“అయితే కూర్చోబెట్టి మేపకు, పనికి రాకుండా పోతారు” అనేది అక్క, పక్కనున్న బావ వినేట్టు.

ఈ నవ్వుల వెనక ఒక గడువు ఉంది. పాత కణాలు పూర్తిగా చచ్చిపోయి ఆ చోట మచ్చ కట్టేసిందంటే, ఆ తర్వాత ఎంత మంచి పొర పరిచినా అంటుకోదు. “గోడ పడిపోయాక సున్నం దేనికి వేస్తాం?” అన్నాడు కంటి డాక్టరు. ప్రతిసారీ స్కానులో ఆ గోడ కొంచెం కొంచెం కూలుతూనే ఉంది. పిచ్చుకకి ఆ స్కాన్లు చదవడం వచ్చు. రాకపోయి ఉంటే ఎంత బాగుండేది!

అందుకే తొందర. గుంపుల్ని ఏరేటప్పుడు పాటించాల్సిన పద్ధతి ఒకటుంది. అంచులు చక్కగా ఉన్నవాటిని ప్లేటు నలుమూలల నుంచీ తీసుకోవాలి, నెమ్మదిగా పెరిగేవాటినీ వదలకూడదు. కొత్తగా చేరినవాళ్ళకి ఆ మాట నేర్పేది పిచ్చుకే. కానీ అక్క ప్లేటు ముందు కూర్చుంటే ఆమె చెయ్యి తనంతట తానే పెద్ద గుంపుల మీదికి పోయేది. అందరికంటే ముందు ఎదిగినవాటిని ఏరేది. వాటిలో మళ్ళీ ముందు ఎదిగినవి, వాటిలో మళ్ళీ. ఎవరినీ మోసం చెయ్యాలని కాదు. ఆ గుంపులు గబగబా పెరుగుతుంటే అక్క చూపులో మరక గబగబా కరుగుతున్నట్టే ఉండేది ఆమెకి.

“వీళ్ళు మామూలు వాళ్ళు కాదక్కా. మిగతా ప్లేట్లన్నిటికంటే ముందున్నారు” అని ఫోన్లో గొప్పలు పోయింది.

“నా రక్తం కదే. కత్తెర పట్టానంటే నేనూ అంతే కదా” అని అక్క మురిసిపోయింది. షాపులో అద్దం అంచులు నల్లబడ్డాయని, కొత్తది వేయించమని ఆ వారమే బావని పోరు పెట్టింది. “చూపొచ్చాక చూసేది ఈ పాత అద్దంలోనా?” అందిట. బావ వేయించాడు.

పెద్ద మేడం ఒకరోజు మైక్రోస్కోపు మీంచి తలెత్తి, “ఏమిటమ్మా వీటికింత తొందర?” అంది. పిచ్చుక దాన్ని మెచ్చుకోలుగా తీసుకుంది. పాతికేళ్ళ అనుభవం ఆ క్షణాన ఏ గంగలో కలిసిందో!

క్రోమోజోముల పరీక్ష ఫలితం వచ్చిన రోజు పెద్ద మేడం తలుపు దగ్గరగా వేసి పిచ్చుకని కూర్చోమంది. కణాల్లో తేడా వచ్చింది. ఒక క్రోమోజోము ముక్క ఉండాల్సిన దానికంటే ఎక్కువుంది. ఆ ఎక్కువ ముక్క ఉన్న కణం మిగతావాటిని తోసేసి వేగంగా పెరుగుతుంది. ప్లేటులో ముచ్చటగానే ఉంటుంది. కంట్లో పెడితే మాత్రం రేపు గడ్డ కావచ్చు. ఎప్పుడో ఒక్క కణంలో వచ్చిన తేడా అది. నలుగురిలో కలిసి ఉంటే మరుగున పడిపోయేదేమో. ప్రతిసారీ దాన్నే ఏరి, దానికే కొత్త ప్లేటిచ్చి, ముద్దుచేసి పెంచింది పిచ్చుక. ఇప్పుడు ఏ ప్లేటు చూసినా అదే.

పెద్ద మేడం తిట్టి ఉంటే కొంత నయంగా ఉండేది. ఆవిడ తిట్టలేదు.

“మొదట్లో చలిపెట్టెలో దాచిన ట్యూబు ఉంది. అందులోవి బాగానే ఉన్నాయి. మళ్ళీ మొదటినుంచీ రావాలి.”

“అంత టైము లేదు మేడం” అంది పిచ్చుక.

లేదని పెద్ద మేడంకీ తెలుసు. అయినా అడగాల్సినది అడిగింది. “ఇవి నేను పారేయనా?”

“నేనే చేస్తాను.”

ప్లేట్లు వరుసగా పెట్టుకుని ఒక్కొక్కదాంట్లో బ్లీచు పోసింది. గులాబీరంగు వెలిసిపోయి ద్రవం నీళ్ళలా తేలిపోయింది. మైక్రోస్కోపులో చూడాల్సిన అవసరం లేదు, అయినా చూసింది. గుంపుల అంచులు చెదిరి, కాసేపటికి అడుగున ఏమీ మిగల్లేదు. అక్క చేతి మీద చర్మం ముక్క కోసినప్పుడు పడ్డ గాటు గుర్తొచ్చింది. గ్లవ్స్‌తో కళ్ళు తుడుచుకోకూడదు కాబట్టి కారేవి కారనిచ్చింది.

ఆ సాయంత్రం ఫోన్ మోగింది. “మనవాళ్ళెలా ఉన్నారే?”

“బాగానే ఉన్నారక్కా” అంది పిచ్చుక. నాలుక ఎలా తిరిగిందో ఆమెకే తెలియదు. ఆ తర్వాత కొన్నాళ్ళు పనుందని ముఖం చాటేసింది. ఫోనెత్తినప్పుడల్లా అదే మాట. అక్కకి చెప్పావా అని పెద్ద మేడం రెండుసార్లు అడిగి, మూడోసారి గట్టిగానే చెప్పింది. నువ్వు చెప్తావా, ఆవిడని పిలిపించి నన్నే చెప్పమంటావా అని.

ఆదివారం మధ్యాహ్నం షాపుకి వెళ్ళింది. లోపల ఎవరూ లేరు. అక్క ఖాళీ కుర్చీలో కూర్చుని దువ్వెనలు కడుగుతోంది. గుమ్మంలో చెప్పుల చప్పుడుకే తల తిప్పింది.

“వచ్చావా! నీ తల పిచ్చుక గూడులా అయ్యుంటుంది, ఇటు రా” అని కూర్చోబెట్టి మెడచుట్టూ గుడ్డ కట్టింది. పిచ్చుక జుట్టు భుజాలు దాటి ఉంది. అక్క వేళ్ళు తల మీద పాకి, కొసలు పట్టుకుని, కత్తెర ఆడించడం మొదలుపెట్టాయి. కొత్త అద్దంలో ఇద్దరూ స్పష్టంగా కనిపిస్తున్నారు. అక్క చూపు అద్దంలో పిచ్చుక చెవి మీద ఉంది.

“మెడ కర్రలా బిగించావేం? వదులు చెయ్యి. మనవాళ్ళెలా ఉన్నారు?”

“మనవాళ్ళు లేరక్కా.”

కత్తెర ఆగింది. ఆగాక పిచ్చుక అంతా చెప్పేసింది. తొందరపడి ఏరడం, ఎక్కువ ముక్క, బ్లీచు, ఫోన్లో ఆడిన అబద్ధాలు, ఏదీ దాచలేదు. అక్క ఒక్కటే అడిగింది.

“ఎవరు పారేశారు?”

“నేనే.”

“పోన్లే. పరాయి చేతుల్లో పోలేదు.” కత్తెర కొసకి అంటిన వెంట్రుకలు దులిపి, “మళ్ళీ మొదలుపెడితే?”

“మొదలుపెడతారు. అవి తయారయ్యేసరికి నీ కంట్లో…”

“అర్థమైందిలే” అంది అక్క. మళ్ళీ కొసలు పట్టుకుంది. “ఈసారి మాత్రం నువ్వు చూడకు. ఇంకెవరినైనా చూడమను.”

ఆ మాటలో కోపం లేదు. కోపం లేనందుకే పిచ్చుకకి గుండె కోసినట్టయింది. కానీ న్యాయమైన మాట. తలూపబోయి, కొసలు అక్క చేతిలో ఉన్నాయని గుర్తొచ్చి “సరే” అంది.

కత్తిరించడం అయిపోయింది. అక్క గుడ్డ దులిపి, చిన్నద్దం తీసి, ఎప్పటిలాగే తల వెనక పట్టుకుంది. ఆ అద్దం కూడా కొంచెం పక్కకే ఉంది. పిచ్చుకే తల జరుపుకుంది.

“ఎలా ఉందండీ?” అంది అక్క, షాపు గొంతుతో.

బ్రహ్మాండంగా ఉంది అనబోయింది పిచ్చుక. ఆ మాట పెదాల దాకా వచ్చింది కూడా. ఎదురద్దంలో అక్క తన చెవి వైపు, రాని నవ్వు కోసం చూస్తోంది.

“ఎడమవైపు పొడుగుందక్కా.”

చిన్నద్దం పట్టుకున్న చెయ్యి కిందికి దిగింది. “ఎంత?”

“చాలా.”

“ఇప్పుడేనా, ఎప్పుడూ ఇంతేనా?”

“చాన్నాళ్ళ నుంచీ ఇంతే.”

అక్క రెండో కుర్చీ వైపు చూసింది. దానిలో ఇన్నాళ్ళూ ఎవరూ ఎందుకు కూర్చోవడం లేదో ఇప్పుడు తెలిసింది. పై వీధి షాపువాడు ధర తగ్గించాడేమోనని ఇన్నాళ్ళూ తిట్టుకుంది పాపం. గుడ్డ మళ్ళీ కట్టి, ఎడమవైపు కొసలు వేళ్ళ మధ్య పట్టుకుని కత్తిరించింది.

“ఇప్పుడు?”

“ఇప్పుడు కుడివైపు పొడుగు.”

కుడివైపు కత్తిరించింది. “ఇప్పుడు?”

“ఎడమవైపు, కొంచెం.”

జుట్టు భుజాల మీంచి మెడకొచ్చింది. మెడ మీంచి చెవుల దగ్గరికొచ్చింది. చాల్లే అక్కా, బాగానే ఉంది అని ఎప్పుడైనా అనొచ్చు. పిచ్చుక అనలేదు. చెంపలమీద తడికి చిన్న చిన్న వెంట్రుకలు అతుక్కుంటున్నాయి, దురదపెడుతున్నా తుడుచుకోలేదు. అక్క కత్తెర వదలడం లేదు.

“నిజం చెప్పు. ఇప్పుడు సమంగా ఉందా?”

పిచ్చుక అద్దంలోకి చూసింది.

“లేదక్కా” అంది.