జీరంగి రెక్కల పొడి

నా మొగుడు రాయమల్లు మీద నాకున్న కోపం ఒక్కటే. రోకలి పట్టింది నేను, పొడి నల్లబడితే తప్పు కూడా నాదేనన్నాడు.

రెండు వేల ఆరు వానాకాలమంతా ప్రాణహిత ఒడ్డున తుమ్మల కింద చచ్చిపడ్డ జీరంగి పురుగులను ఏరాను. మెరిసే గట్టి పచ్చ రెక్కలు ఒలిచి, వంట అయ్యాక పొయ్యి సెగకు ఎండబెట్టాను. వాటిని పొడి చేసి ఆ పచ్చరంగును పట్టుచీరలకు అద్దితే సిరోంచ షావుకార్లు మా ఇంటిముందు నిలబడతారని ఆయన ఆశ. పొడి పట్టే యంత్రం కోసం మా అమ్మ నా పేర రాసిన పొలంలో ఒక ముక్క అమ్మించాడు. చూపించిన చోట వేలిముద్ర వేశాను.

యంత్రంలో పట్టినా, రోట్లో దంచినా పొడి నల్లటి మట్టిరంగే. "సరిగ్గ ఎండబెట్టలే నువ్వు" అన్నాడు. నా చేతికి అచ్చిరాని గుణముందని పెళ్ళైన ఏడే తాను కనిపెట్టానని మా అత్త కనకవ్వ అంది. నేను రోలు కడిగాను. అంచున ఒక రెక్క మిగిలింది. ఎదురుగా చూస్తే పచ్చ, పక్కకు వంచితే నీలం. పసుపుకొమ్మును ఎటు తిప్పినా పసుపే, దంచినా పసుపే. ఇందులో నిజంగా రంగుంటే వంచగానే ఎందుకు మారుతుంది?

దసరాకు ముందు పురుగులను చూడటానికి నాగపూర్ నుంచి కాలేజీ మేడం సరిత వస్తే అడిగాను. రెక్కలో పచ్చరంగే లేదట. కంటికి ఆననంత పల్చటి పొరలు దొంతరగా ఉంటాయట, వాటికి తగిలిన వెలుగే పచ్చగా తిరిగొస్తుందట. దంచితే దొంతర చెదిరిపోతుందట. అదంతా చెప్పి, దంచితే పచ్చ పోతుందని మీకెలా అనుమానమొచ్చిందని అడిగింది.

"దంచింది నేనే గద మేడం."

ఇంట్లో చెబితే ఆయన నవ్వాడు. ఇంకా పెద్ద యంత్రమైతే సన్నగా పడుతుందని, మిగిలిన రెండెకరాలు అమ్ముదామని అన్నాడు. సోమవారం రిజిస్ట్రీ ఆఫీసులో గుమాస్తా సిరా డబ్బా నా ముందుకు జరిపాడు. నేను చేతులు కొంగులో పెట్టుకున్నాను.

"ఏందే, నలుగుర్ల పరువు తీస్తవా?" అన్నాడు రాయమల్లు మెల్లగా.

"ఎంత సన్నగ దంచితే అంత నల్లగైతది. పొలం నాది. నేను వెయ్య. పోయి నీ యంత్రం అమ్ముకో."

బండి ఎక్కకుండా నడిచే ఇంటికొచ్చాను. రెండెకరాలు నిలిచాయి. మొదటి వేలిముద్రతో పోయింది ఎకరం పన్నెండు గుంటలు.