ఏడో నంబరు మేడ

కూతురు గడప దాటితే తల్లి ప్రాణం గుప్పిట్లోకి వచ్చేది. ఆ పిల్ల చేసే పరిశోధన అలాంటిది మరి. నగరసభలో ఆడ సభ్యులు మాట్లాడుతుంటే ఎవరు, ఎన్నో నిమిషంలో అడ్డు తగులుతున్నారో సందర్శకుల బెంచీ మీద కూర్చుని, గడియారం పెట్టి రాసుకుంటుంది. తర్వాత ఆ ఆడవాళ్ళ ఇళ్ళకు వెళ్ళి వాళ్ళ మాటలు రికార్డు చేస్తుంది. కాగితం మీద పేర్లుండవు, నంబర్లే. ఎవరింటికి వెళ్ళినా నంబరూ అడ్రసూ తనకు చెప్పి తీరాలని తల్లి పోరు పెట్టింది. రెండు పూటలు తిండి మానేసి మరీ సాధించింది.

ఆ రోజు యూనివర్సిటీలో కొత్త పరిశోధకుల సభ. వాళ్ళు రాసింది చదివితే, అనుభవమున్నవాళ్ళు తప్పొప్పులు చెప్పి చెయ్యందిస్తారని విభాగం మేడమ్ ఆశపడి పెట్టించింది. ఎవరైనా రాళ్ళేస్తారేమోనని తల్లి కూడా వెంట వెళ్ళింది.

కూతురికి సలహా చెప్పాల్సిన ప్రొఫెసరు నగరసభ ఛైర్మనుకు ఉపన్యాసాలు రాసిపెట్టే మనిషి. ఆ సంగతి మేడమ్‌కే తెలియదు, ఇక తల్లికెలా తెలుస్తుంది? విరామంలో ఆయనే టీ తెచ్చిచ్చాడు. పిల్ల ఏ ఊళ్ళో చదివింది, మీరేం చేస్తుంటారు అని మర్యాదగా అడిగాడు. ఆ తర్వాత గొంతు తగ్గించాడు.

"ఏడో నంబరు చెప్పిందంటూ రాసినవన్నీ కట్టుకథలని పైవాళ్ళ అనుమానమమ్మా. సీటుకే ఎసరు రావచ్చు."

తల్లి టీ కప్పు పక్కన పెట్టేసింది. తన పిల్ల అబద్ధాలు రాయదని, మందుల కొట్టు పైన మేడలో ఉండే సభ్యురాలే అవన్నీ చెప్పిందని, మైకు ఎవరు ఆపిస్తున్నారో, ఓటు ఎటు వేయాలో ముందురోజు ఎవరు ఫోను చేసి బెదిరిస్తున్నారో కూడా చెప్పిందని గుక్క తిప్పుకోకుండా వల్లించింది. ఆయన టీ పూర్తిగా తాగి, ఖాళీ కప్పు ఆమె చేతికే ఇచ్చి వెళ్ళాడు.

కూతురు చదవడం ముగించగానే ఆయన లేచాడు. ఇది రాజకీయశాస్త్రమా, వంటింటి కబుర్లా అని అడిగితే ముందు వరుసలో కొందరు నవ్వారు.

"మందుల కొట్టు మేడ మీద ఎవరో ఏడ్చిందల్లా పరిశోధనేనా అమ్మాయ్?"

కూతురు చేతిలోని కాగితాలు కిందికి దించింది. ఆయన్ని చూడలేదు. చివరి వరుసలో కూర్చున్న తల్లిని చూసింది.

మేడమ్ కుర్చీ వెనక్కి తోసి లేచింది. "పిల్లలకు సాయం చేస్తారని పిలిచాను. నడవండి బయటికి." ఆయన నవ్వుతూనే నడిచాడు. తలుపు దాటకముందే ఫోను చెవి దగ్గరికి వెళ్ళింది.

తల్లీకూతుళ్ళు ఆటో మాట్లాడుకుని మందుల కొట్టు మేడకు వెళ్ళేసరికే ఛైర్మన్ మనిషి ఆ సభ్యురాలికి ఫోను చేసేశాడట. సభ్యురాలు వాళ్ళను లోపలికి రమ్మనలేదు. టీ దగ్గర జరిగింది తల్లి చెబుతుంటే గడపలోనే నిలబడి వింది.

"మూడు నెలలు నా చుట్టూ తిరిగితే నోరు విప్పాను. మీ అమ్మ ఒక్క టీకి చెప్పేసింది."

"తప్పు నాదక్కా," అంది కూతురు. "అమ్మ కోసం అడ్రసు చెప్పాను."

"అమ్మ కోసం నువ్వు చెప్పావు. నీకోసం మీ అమ్మ చెప్పింది. నాకోసం ఎవరున్నారే?"

కూతురు ఆవిడ కళ్ళముందే రికార్డు చెరిపేసింది. వ్యాసంలో ఏడో నంబరు మాటలున్న పేజీలు చించి చేతికిచ్చింది. ఆవిడ అన్నీ ఉన్నాయో లేవో లెక్కపెట్టుకుని తలుపేసుకుంది.

మెట్లు దిగుతుంటే మేడమ్ ఫోను చేసింది. మిగిలిన ఆరుగురి మాటలతో తిరిగి రాయమంది, పక్కనుండి రాయిస్తానంది. కొత్తగా ఇంకో సభ్యురాలు ఈ సాయంత్రమే మాట్లాడతానందని అడ్రసు చెప్పింది. కూతురు రాసుకుని కాగితం మడిచింది.

"ఎక్కడికే తల్లీ? ఆ ప్రొఫెసరు మనుషులు కాపు కాస్తుంటేనో?"

"బస్సొస్తోంది, ఎక్కమ్మా. నువ్వు వెళ్ళాకే నేను కదులుతాను."

తల్లి ఎక్కింది. వెనక అద్దంలోంచి చూస్తే కూతురు స్టాపులోనే నిలబడి ఉంది. బస్సు మలుపు తిరిగేదాకా ఎటూ అడుగు వేయలేదు.