ఎవరూ వెయ్యని బాణాలు

ఎక్స్‌రే తీసే ఆవిడ రోజంతా మనుషులతో మాట్లాడే మాటలు మూడే: ఊపిరి పీల్చండి, బిగబట్టండి, వదలండి. ఇంటికొస్తే ఆ మూడూ ఉండవు. భర్తతో తెగతెంపులై ఆరేళ్లయింది. ఆ ఏడాదే ఆమెకి బాణాలు చేసే పిచ్చి పట్టుకుంది.

వంటింటి బల్లే కార్ఖానా. సన్నటి కర్రపుల్లని మరిగే నీళ్ల ఆవిరికి చూపించి, బొటనవేళ్లతో నొక్కి వంపు తీసేది. ఒక కన్ను మూసి పుల్ల పొడుగునా చూసేది. గరుకు కాగితంతో రుద్ది, వెనక నారి పట్టే గాడి కోసి, మూడు ఈకలు అతికించి దారం చుట్టేది. నలభై ఒకటి పోగయ్యాయి. ఒక్కటీ గాల్లోకి లేవలేదు.

"ఎవరి మీదకే యుద్ధం?" అని అక్క ఫోన్లో నవ్వేది. "మీ బావ మీదకైతే ముందే చెప్పు, నేను పక్కకి తప్పుకుంటా."

తనూ నవ్వేది. ఫోన్ పెట్టేశాక ఇల్లు మరీ బోసిపోయేది.

ఒక ఆదివారం పొద్దున తెగించి, ఆరు బాణాలు గుడ్డలో చుట్టుకుని విలువిద్య మైదానానికి వెళ్లింది. అక్కడ అందరివీ ఫ్యాక్టరీ బాణాలే. సిగ్గేసి వెనక్కి తిరగబోతుంటే, రిటైరైన డ్రాయింగు మాష్టారొకాయన మూట విప్పించాడు. ఒకటి తీసి వేలి మీద తూచాడు.

"వేసి చూడనా అమ్మా?"

ఆమె తలూపింది. బాణం సన్నగా ఈలవేస్తూ పోయి, గురిపలక పక్కనున్న గుంజకి తగిలి ఫెళ్లున విరిగింది.

"అయ్యయ్యో! నీ కష్టమంతా మట్టిపాలు చేశాను తల్లీ."

"పర్లేదండీ," అంది. ఇన్నేళ్లకి తన చేతి పని ఒకరికి పనికొచ్చిందని ఆయనకెలా చెప్పాలో తెలియలేదు.

"వచ్చే ఆదివారం నా విల్లుకి సరిపడా రెండు తెస్తావా?" అన్నాడాయన.

వారమంతా కూర్చుని రెండూ చేసింది. తీసుకెళ్తే మాష్టారు లేడు.

"తమ్ముడికి పక్షవాతమొచ్చిందని కబురొస్తే హడావిడిగా వెళ్లిపోయారమ్మా," అన్నాడు గేటు దగ్గరి మనిషి. "ఇప్పట్లో రారు."

ఆమె గుడ్డ విప్పి, ఆయన కోసం చేసిన వాటిలో ఒకటి తీసింది. తర్వాత మైదానం వాళ్ల విల్లు అడిగి తీసుకుని, జీవితంలో మొదటిసారి నారి లాగింది. బాణం గురిపలక మీదుగా ఎగిరి, వెనకున్న ఎత్తు గడ్డిలో పడింది.

మోకాళ్ల మీద వెతుకుతుంటే పక్క వరసలో గురి చూస్తున్నావిడ వచ్చింది.

"ఏం పోయిందండీ?"

"బాణం. నేనే చేశాను."

ఆవిడ విల్లు కింద పెట్టి, అటు చివర నుంచి గడ్డి తప్పిస్తూ వెతకడం మొదలుపెట్టింది. ఎండ నడినెత్తికొచ్చినా దొరకలేదు.

"గడ్డి కోసినప్పుడు దొరుకుతుందిలెండి," అని ఆవిడ బస్సు టైమైందంటూ వెళ్లిపోయింది. పేరడగడం ఇద్దరికీ తోచలేదు.

ఇంటికొచ్చి చేతులు కడుక్కుంటే గడ్డి కోసుకుని పడ్డ గీతలు చుర్రుమన్నాయి. కొళాయి కట్టేసి ఆ గీతలు చూసుకుంటూ, తనతో కలిసి వెతికినావిడ చేతుల మీదా ఇవే ఉంటాయనుకుంది.