నలుగురు స్మిట్‌లు

విమానాశ్రయానికి శనివారం సాయంత్రం వ్యాను పంపాలి.
హోటల్లో తొమ్మిది గదులు చూసి రావాలి. ఏసీలు వేసి చూడాలి.
హెల్మెట్లు తొమ్మిది, బూట్లు తొమ్మిది జతలు. సైజులు వెనక పేజీలో ఉన్నాయి.
మాంసం తినని వాళ్ళెవరైనా ఉన్నారేమో కనుక్కోవాలి.
గేటు పాసులు చేయించాలి.
కవరాల్స్, అంటే ఒంటినిండా వేసుకునే పనిబట్టలు, మనిషికి రెండేసి. ఛాతీ మీద ఇంటిపేరు కుట్టించాలి.

గురువారం పొద్దున సోమేశ్వరరావు గారు నా చేతికిచ్చిన కాగితంలో ఉన్న పనులివి. మీనా సల్మాన్ రేవులో ఓడల పంపులూ ఇంజిన్లూ బాగుచేసే మా వర్క్‌షాపుకు ఆయన మేనేజరు. కాకినాడ దగ్గరి మనిషి. ఒక పెద్ద పంపు విప్పి బిగించడానికి హాలండ్ నుంచి తొమ్మిది మంది వస్తున్నారు. ఆదివారం పొద్దున ఏడింటికి వాళ్ళు పనిలో దిగాలి. నా పేరు దేవేందర్. అక్కడ ఆఫీసు అసిస్టెంటును. నా మూడు నెలల ప్రొబేషను కూడా ఆ ఆదివారంతోనే అయిపోతుంది.

"ఇదే నీకు పరీక్ష అనుకో అబ్బాయ్," అన్నారు సోమేశ్వరరావు గారు. "పాసు మీద పేరూ ఛాతీ మీద పేరూ ఒక్కటే ఉండాలి. అక్షరం తేడా వస్తే సెక్యూరిటీ వాళ్ళు లోపలికి రానివ్వరు. గేటు దగ్గర ఒక్క మనిషి ఆగినా నేను నీ కాగితం మీద సంతకం పెట్టను. తర్వాత బతిమాలుకున్నా లాభం లేదు."

"ఎవరూ ఆగరు సార్."

"అదీ చూద్దాం."

సంతకం లేకపోతే తిరుగు టికెట్టే. మా ఇంట్లో డిగ్రీ చదివింది నేనొక్కణ్ణే. మా బాపు ఆర్మూరు దగ్గర ఊళ్ళో కొలిమి పెట్టుకొని నాగలి కర్రులకూ కొడవళ్ళకూ పదును పెడతాడు. మా ఊళ్ళో ఏ గల్ఫు దేశమైనా దుబాయే. మావాడు దుబాయిల కుర్చీల కూసోని పని చేస్తడని ఆయన కొలిమికి వచ్చిన ప్రతివాడికీ చెప్పాడు. ఆ కుర్చీ మూడు నెలలకే పోయిందని ఆయనకు చెప్పడం నా వల్ల అయ్యే పని కాదు.

పేర్ల జాబితా మధ్యాహ్నం వచ్చింది. స్మిట్. దాని కింద స్మిట్స్. దాని కింద స్మిడ్. దాని కింద ద స్మెట్. ఇంకా కిందికి వస్తే విస్సర్, మళ్ళీ అదే విస్సర్ మధ్యలో సి, హెచ్ అనే రెండక్షరాలు దూరి ఉన్నాయి. ఇదంతా టైపు చేసినవాడి నిర్వాకమని తేల్చేశాను.

ఎందుకంటే అక్షరం తేడా మనిషిని ఎంత తిప్పుతుందో నాకు తెలుసు. మా ఇంటిపేరు కమ్మరి. పదో తరగతి మెమోలో నాకు రెండు ఎమ్‌లు ఉన్నాయి. డిగ్రీ సర్టిఫికెట్లో ఒకటే ఉంది. పాస్‌పోర్టులో చివరి ఐ పోయి వై వచ్చింది. ఈ ముగ్గురూ ఒక్కడేనని రుజువు చేయడానికి ఏడు నెలలు నోటరీల చుట్టూ తిరిగాను. ఆ తిప్పలు ఈ హాలండ్ వాళ్ళకు రాకూడదనుకున్నాను. పాస్‌పోర్టు కాపీలు శనివారం గాని రావన్నారు. అన్నదమ్ములో, చిన్నాన్న పిల్లలో అయి ఉంటారు, ఒకే ఇంటివాళ్ళు ఒకే పనిలో ఉండటం మన దగ్గర మాత్రం లేదా అనుకున్నాను. నలుగురినీ స్మిట్ చేశాను. విస్సర్లిద్దరినీ ఒకటి చేశాను. గీతలు కొట్టి కొత్త జాబితా శుభ్రంగా రాసుకొని నయీమ్ అనే పేటకు పట్టుకుపోయాను.

నయీమ్‌లో ఒక సందులో గంగాప్రసాద్ కాక కుట్టు దుకాణం ఉండేది. ఆయనది జగిత్యాల దగ్గరి ఊరు. ఇరవై రెండేళ్ళుగా అదే సందు, అదే మిషను. గుడ్డను చేత్తో తిప్పుతూ ఇంగ్లీషు అక్షరాలు కుడతాడు. ఆయనకు ఇంగ్లీషు చదవడం రాదు, అక్షరం ఆకారం చూసి కుట్టేస్తాడు.

"నాలుగు పేర్లు ఒక్క తీరుగనే ఉన్నయి. ఒక్క తల్లి పిల్లలా ఏంది బిడ్డా?" అన్నాడు జాబితా చూసి.

"అంతే ఉంటది కాక."

"అయితే మంచిగైంది. ఒక్క పేరే అయితే చెయ్యి ఆగదు. నువ్వు శనివారం పదింటికి రా."

హాలండ్ వాళ్ళ ఫోర్‌మన్ స్నైడర్స్ ఒక రోజు ముందే దిగాడు. అరవై దాటిన మనిషి, తలుపులో వంగి నడిచేంత పొడుగు. తన కొలతకు కవరాల్ దొరకడం ఎప్పుడూ కష్టమేనని, వేసుకొని చూస్తానని శనివారం నాతోపాటు దుకాణానికి వచ్చాడు. ఆయనది సరిపోయింది. సంతోషంగా చేతులు పైకెత్తి, వంగి, లేచి చూసుకున్నాడు. తర్వాత కడ్డీకి వరసగా వేలాడుతున్న మిగతా వాటిని ఒక్కొక్కటే చదవడం మొదలుపెట్టాడు.

"స్మిట్. స్మిట్. స్మిట్. స్మిట్." నావైపు తిరిగాడు. "నా జట్టులో స్మిట్ ఒక్కడే. మిగతా ముగ్గురిని ఎక్కడ పట్టుకొచ్చావు?"

ఆయన ఫోనులో పాస్‌పోర్టు కాపీలు చూపించాడు. మొదట వచ్చిన జాబితాలో ఒక్క తప్పు కూడా లేదు. ఆయనకు నవ్వు ఆగలేదు.

"తెల్లాయన ఎందుకు నవ్వుతుండు?" అన్నాడు కాక.

"నలుగురు వేరే వేరే ఇండ్లోల్లంట కాక. టైపు తప్పనుకొని నేనే సాపు జేసిన."

"సాపు జేసినవా. చదువుకున్నోల్లకే వస్తయి ఇసొంటి ఆలోచనలు."

"నా కొలువు పోతది కాక."

కాక కవరాల్స్ కడ్డీ మీంచి తీసి బల్ల మీద పరిచాడు. తప్పు పేరు పడ్డవి ముగ్గురు స్మిట్‌లవీ ఒక విస్సర్‌వీ, రెండేసి చొప్పున ఎనిమిది. నిప్పు అంటుకోని ఆ బట్ట మళ్ళీ తెప్పించాలంటే రెండు వారాలు పడుతుంది. విప్పి కుట్టడమే దారి. గోడ గడియారం చూసి, కరెంటు బటన్ నొక్కి, "సాయంత్రం దాక నువ్వు నాకు అక్షరాలు రాసి చూపించు. ఈసారి సాపు జెయ్యకు," అన్నాడు.

స్మిట్స్‌ది తేలిక. చివర ఎస్ కలిపితే చాలు. పేరు కాస్త ఒక పక్కకు ఒరిగింది.

"ఒరగనీ. ఆ పక్కకు పెన్ను పెట్టుకుంటడు, కనబడది," అన్నాడు కాక.

స్మిడ్‌కు టి విప్పాలి. చిన్న బ్లేడుతో కుట్లు ఒక్కొక్కటే కోసి, సూది రంధ్రాల మీద తడిగుడ్డ పరిచి, ఇస్త్రీపెట్టె పెట్టి, బొటనవేలి గోరుతో గీరాడు. రంధ్రాలు మూసుకుపోయాయి. ద స్మెట్ దగ్గరికి వచ్చేసరికి ముందు డి, ఇ అనే రెండక్షరాలు చేర్చాడు గాని ఐని విప్పనే లేదు. దానికే పక్కన మూడు అడ్డగీతలు కుట్టి ఇ చేసేశాడు. చూస్తుంటే నాకు సగం ప్రాణం వచ్చింది.

స్నైడర్స్ వెళ్ళిపోలేదు. స్టూలు మీద కూర్చొని కరక్ చాయ్ తాగుతూ ఆ పనే చూస్తున్నాడు. "నీ తప్పు మరీ అంత తప్పేమీ కాదు," అన్నాడు నాతో. "ఆ నాలుగు పేర్లూ నిజానికి ఒక్కటే. ఇవాళ మా భాషలో స్మిడ్ అని రాస్తాం. స్మిట్ పాత రాత. స్మిట్స్ అంటే స్మిట్ కొడుకని. ద స్మెట్ దక్షిణాది వాళ్ళది, బెల్జియం వైపు. పేర్లన్నీ రిజిస్టరులో ఎక్కించినప్పుడు గుమాస్తా చెవికి ఎలా వినబడితే అలా రాసుకున్నాడు. అదే ఉండిపోయింది."

"అర్థమేమిటి సార్ ఆ పేరుకు?"

"పని పేరు. ఇనుము కాల్చి కొట్టేవాడు."

"కమ్మరి," అన్నాను పైకే, తెలుగులో.

కాక మిషను ఆపాడు. "ఎవరిని పిలుస్తున్నవ్?"

"వీళ్ళు నలుగురు కమ్మరోల్లంట కాక."

"నీ పాలోల్లా?" ఆయన నన్ను పై నుంచి కిందికి చూశాడు. "పాలోల్లనే గుర్తువట్టకపోతివి. ఏం డిగ్రీరా నీది?"

నేను ఆఫీసులో ఎక్కడైనా కె. దేవేందర్ అనే రాస్తాను. ఆ కె ఏమిటని ఎవరైనా అడిగితే మాట మార్చేవాణ్ణి. ఆ రోజు మాత్రం అడగకుండానే స్నైడర్స్‌కు చెప్పాను, నేనూ స్మిట్‌నేనని, మా బాపు ఇప్పటికీ కొలిమి ఊదుతాడని. ఆయన లేచి నా చెయ్యి ఊపేశాడు. తన జట్టులో స్మిట్ ఒక్కడే అనుకున్నానని, ఇప్పుడు నాతో కలిపి లెక్క అయిదుకు చేరిందని అన్నాడు.

విస్సర్ అంటే జాలరి అట. సి, హెచ్ ఉన్నదీ లేనిదీ పలకడం ఒకటే, రాయడమే వేరు. కాక చివరి రెండక్షరాలు విప్పి నాలుగు కుట్టాలి.

"మరి మీ పేరు?" అని స్నైడర్స్‌ను అడిగాను.

"బట్ట కత్తిరించేవాడు. దర్జీ."

కాకకు చెప్పాను. ఆయన కళ్ళజోడు తీసి ఆ పొడుగాటి మనిషిని కొత్తగా చూశాడు. "మా ఇంటిపేరు మేర అని చెప్పు. మేం గూడ అదే అని చెప్పు. ఏ మిషను వాడుతడో అడుగు."

అడిగాను. స్నైడర్స్ తల అడ్డంగా ఊపాడు. గుండీ ఊడితే ఆయన భార్యే కుట్టి పెడుతుందట. వాళ్ళింట్లో ఆ పని ఎన్ని తరాల కింద పోయిందో చెప్పేవాళ్ళు కూడా లేరట.

"సూదిల దారమన్న ఎక్కియ్యమను. పేరు ఉత్తగనే పెట్టుకుంటడా," అని కాక సూదీ దారమూ ఆయన చేతిలో పెట్టాడు. ఆరుసార్లు తప్పింది. ఏడోసారి ఎక్కింది. అంతటితో ఆయనకు హుషారు వచ్చి, ఖాళీగా కనబడిన సూదులన్నిటికీ దారం ఎక్కించి వరసగా గుచ్చి పెట్టాడు. మిషను సూది తప్ప అవేవీ ఆ రోజు అక్కర్లేదని నేను చెప్పబోతే కాక చెప్పనివ్వలేదు.

కాసేపయ్యాక కాక తల ఎత్తకుండానే అన్నాడు. "ఇంకొకటి అడుగు. వాళ్ళ ఊర్ల పేరు చూసి అరుగు కింద కూసోమంటరా అని."

నేను తటపటాయించాను. అయినా అడిగాను. స్నైడర్స్‌కు అర్థం కాలేదు. మరోరకంగా అడిగాను. మూడోసారికి కూడా ఆయన నుదురు ముడతలు పడే ఉంది. "పేరు పేరే కదా," అన్నాడు.

"ఏమంటడు?"

"అర్థం కాలేదంట కాక."

"కాకపోతే మంచిదే," అని మళ్ళీ మిషను నడిపాడు.

నాలుగున్నరకు ఎనిమిదీ అయ్యాయి. గేటు పాసులు నేనే టైపు చేయించి, మర్నాడు లోపలికి వెళ్ళే వాళ్ళ జాబితాలో తొమ్మిది పేర్లూ కలిపాను. ద అనేదాన్ని తమ దగ్గర లెక్కలోకి తీసుకోరని, ఎస్ కిందే వెతుకుతారని స్నైడర్స్ చెప్పాడు గనక ద స్మెట్‌ను ఎస్ కింద పెట్టాను. అప్పుడే నేర్చుకున్న సంగతి కదా, చాలా గర్వంగా పెట్టాను.

ఆదివారం ఆరున్నరకు గేటు దగ్గర నిలబడ్డాను. గార్డు షఫీఖ్‌ది కామారెడ్డి. ఒక్కొక్కరి పాసూ ఛాతీ మీద పేరూ వేలు పెట్టి అక్షరం అక్షరం కలిపి చూస్తాడు. ఎనిమిది మంది వెళ్ళిపోయారు. తొమ్మిదోవాడు ద స్మెట్. సరిగ్గా అప్పుడే సోమేశ్వరరావు గారి కారు వచ్చి ఆగింది.

"ఈయన పేరు లేదు భాయ్," అన్నాడు షఫీఖ్. ఆ రోజు జాబితా రెండు వందల మందిది, ఆరు పేజీలు. "డి కింద మొత్తం చూసిన. లేదు."

సోమేశ్వరరావు గారు కారు దిగి వాచీ చూసుకున్నారు.

"ఎస్ కింద చూడు షఫీఖ్ భాయ్," అన్నాను.

"డితోని మొదలైతే ఎస్ కింద ఎందుకుంటడు?"

ద స్మెట్‌ను అడిగితే ఆయన కూడా షఫీఖ్ పక్షమే. తాను బెల్జియం వాడినని, అక్కడ తమను డి కిందే రాస్తారని చెప్పాడు. షఫీఖ్ నావైపు అదోలా చూసి, పేజీలు తిప్పి, చివరికి ఎస్ కింద పట్టుకున్నాడు. తర్వాత ఛాతీ మీద వేలు పెట్టాడు. ఇ దగ్గర వేలు ఆగింది.

"ఈ అక్షరం జర మందంగ ఉన్నది," అన్నాడు. మళ్ళీ చూశాడు. "కానీ పేరైతే కరెక్టే. యల్లా, పొమ్మను."

ఏడుకు ఎనిమిది నిమిషాలుండగా తొమ్మిది మందీ లోపల ఉన్నారు.

నేను నేరుగా సోమేశ్వరరావు గారి గదికి వెళ్ళి జరిగిందంతా చెప్పాను. జాబితా దిద్దింది నేనేనని, కవరాల్స్ విప్పి కుట్టించానని, ఎస్ కింద పెట్టింది కూడా నేనేనని చెప్పాను.

"అయితే ఒక మనిషి ఆగాడన్నమాట."

"ఆగాడు సార్. ఒక నిమిషం."

"రెండు. నేను వాచీ చూశాను." ఆయన సొరుగులోంచి నా కాగితం తీశారు. "నువ్వు చెప్పకపోతే ఆ కుట్ల సంగతి నాకేం తెలుస్తుందయ్యా. చెప్పావు కాబట్టి పెడుతున్నాను. ఇకమీదట ఎవరి పేరూ బాగుచెయ్యకు. వాళ్ళ ఖర్మకి వాళ్ళని వదిలెయ్." సంతకం పెట్టారు. కాగితం ఇస్తూ అడిగారు. "ఇంతకీ ఎవరాయన, అంత బాగా విప్పి కుట్టింది?"

ఫైలు తీసి చూశాను. తొమ్మిదేళ్ళుగా మా బట్టలు కుడుతున్న మనిషికి ఆ ఫైల్లో పేరు లేదు. 'నయీమ్ టైలర్' అని ఉంది. దాని మీద గీత కొట్టి పేరు రాశాను.

మధ్యాహ్నం బాపుకు ఫోను చేసి కొలువు ఖాయమైందని చెప్పాను. హాలండ్‌ల మన పాలోల్లున్నరని కూడా చెప్పాను.

"వాళ్ళకు కొలిమి ఉన్నదా?" అన్నాడు.

"లేదు బాపు. ఓడల పంపులు బిగిస్తరు."

"ఇనుమే గద," అన్నాడు బాపు.

మొన్న మే నెలలో గంగాప్రసాద్ కాక దుకాణం ఖలాస్ చేసుకొని జగిత్యాలకు వెళ్ళిపోయాడు. కళ్ళు ఆనడం లేదన్నాడు. మేం ఇప్పుడు సనాబిస్‌లో కంప్యూటరు మిషను మీద కుట్టిస్తున్నాం. బాగానే కుడతారు, తప్పు రాసిస్తే తప్పే కుడతారు. ఈ దేశంలో ఇరవై రెండేళ్ళు ఆయన ఎందరి పేర్లు వాళ్ళ వాళ్ళ గుండెల మీద కుట్టాడో లెక్క లేదు. ఎక్కడా తన పేరు కుట్టుకోలేదు. అందుకే ఇక్కడ రాస్తున్నాను. మేర గంగాప్రసాద్. చదివిన మీరు ఆయన్ని గుర్తుపెట్టుకోండి.