నంబరు కలవని తుపాకీ

ప్రెస్సు మూతపడి ఐదు నెలలైంది. ముప్ఫై ఏళ్ళు అక్కడ పుస్తకాలు కుట్టి, అట్టలు అంటించి, అంచులు కోసిన బైండరుకి ఇంట్లో గోళ్ళు గిల్లుకుంటూ కూర్చోవడం తప్ప పని లేకుండా పోయింది. యాభై ఎనిమిదేళ్ళవాణ్ణి కొత్తగా ఎవరు పెట్టుకుంటారు? ముందుగదిలో తనే చిన్న బైండింగు షాపు పెట్టుకుందామనుకున్నాడు. ప్రెస్సువాళ్ళు పాత కటింగు మిషను అమ్మకానికి పెట్టారు. దాని మీట ఎక్కడ మొరాయిస్తుందో, ఎంత నొక్కితే దారికొస్తుందో అతనికి తెలిసినట్టు ఇంకెవరికీ తెలియదు. చేతిలో డబ్బే లేదు. ఉన్నదల్లా బీరువా మీద దుప్పట్లో చుట్టి పెట్టిన గాలి తుపాకీ.

అది తండ్రి కొన్నది, అరవై ఏళ్ళనాటిది. గొట్టాన్ని కిందికి మడిచి, సీసపు గుండు పెట్టి, మళ్ళీ మూసి పేల్చే రకం. వయసులో ఉన్నప్పుడు అతను దాంతో పది మీటర్ల నుంచి అగ్గిపుల్ల తల ఎగరగొట్టేవాడు. షూటింగు క్లబ్బులో అందరూ ‘సూది’ అని పిలిచేవారు. అలాంటి తుపాకీ ఒకటి ఈమధ్య వేలంలో రెండు కటింగు మిషన్ల ధర పలికిందని పాత స్నేహితుడెవరో చెప్పాడు. ఆ మాట విన్నప్పటి నుంచి భార్య ముందుగదిలో మిషను ఎక్కడ పడుతుందో జానలతో కొలుస్తూనే ఉంది.

పాత తుపాకులు బాగుచేసి అమ్మే షాపాయన బల్ల మీద మందపాటి గుడ్డ పరిచి, తుపాకీని పసిపిల్లను పడుకోబెట్టినట్టు పడుకోబెట్టాడు. చాలాసేపు ముట్టుకోకుండా చూశాడు. తర్వాత స్క్రూల గాట్లు చూశాడు, చెక్క మడమని అరచేత్తో నిమిరాడు.

“నల్లపూత కంపెనీదే మాస్టారూ. ఎవరూ గీకి మళ్ళీ పూయలేదు. చెక్క కూడా మొదటిదే. ఇలాంటిది దొరకడం కష్టం.”

బైండరుకి ప్రాణం లేచొచ్చింది. మనసులో మిషనుకి అడ్వాన్సు ఇచ్చేశాడు కూడా.

షాపాయన తుపాకీ ఒంటి మీది నంబరు చదివి కాగితం మీద రాసుకున్నాడు. గొట్టం మడిచి, కీలు దగ్గరున్న జిడ్డు గుడ్డతో తుడిచి, భూతద్దం పెట్టాడు. మళ్ళీ తుడిచాడు. మళ్ళీ చూశాడు.

“ఈ గొట్టం దీనిది కాదండీ.”

“అదేంటి? మా నాన్న కొన్నప్పటి నుంచీ ఇదే.”

“ఒంటి మీది నంబరూ గొట్టం మీది నంబరూ కలవడం లేదు, మీరే చూడండి. ఈ గొట్టమూ అదే కంపెనీది, కానీ తర్వాత వచ్చిన చవక రకం. ఇక్కడ చూశారా, లేతు మీద అరగదీసి పట్టించారు. చెయ్యి తిరిగినవాడే చేశాడు, మామూలుగా చూస్తే తెలియదు.” ఆయన టార్చి వేసి గొట్టంలోకి చూశాడు. “లోపల గుండుని తిన్నగా నడిపే గాడులు కూడా అరిగిపోయాయి. దీంతో కొడితే గుండు ఎటు పోతుందో దానికే తెలియదు. దీన్ని ఎప్పుడైనా రిపేరుకిచ్చారా?”

ఇచ్చాడు, ఒకే ఒక్కసారి. ఇరవై రెండేళ్ళ క్రితం స్ప్రింగు విరిగితే బావమరిదికిచ్చాడు. అతను ఫ్యాక్టరీలో ఫిట్టరు. వారం ఉంచుకుని తెచ్చిచ్చాడు. ఆ ఏడాది క్లబ్బు పోటీలోనే బైండరు గుళ్ళన్నీ ఎడమవైపు చెదిరిపోయాయి. మరుసటేడూ అంతే. ‘సూది’ చెయ్యి పోయిందన్నారు జనం. అతనూ నమ్మాడు. మూడేళ్ళు వరసగా కప్పు గెలిచింది బావమరిది. అతనిదీ ఇదే కంపెనీ తుపాకీ. మొదటి ఏడు అందరికంటే ముందు లేచి చప్పట్లు కొట్టింది బైండరే. రెండో ఏడు తర్వాత మళ్ళీ క్లబ్బు మెట్లెక్కలేదు.

“ఇప్పుడెంత వస్తుంది?” అని అడిగాడు. 

“నంబర్లు కలిసుంటే మీరు విన్న ధర నేనే ఇచ్చేవాణ్ణి. ఇప్పుడు అందులో పదోవంతు. అది కూడా మిగతా భాగాల కోసం.”

రేపు వస్తానని చెప్పి తుపాకీ అక్కడే వదిలి, తిన్నగా బావమరిది ఇంటికెళ్ళాడు. బావమరిది వరండాలో ఫ్యాను విప్పి కూర్చున్నాడు.

“రా బావా! అక్క బాగుందా?”

“ఒరేయ్, నా తుపాకీ గొట్టం మార్చావా?”

బావమరిది చేతిలోని స్క్రూడ్రైవరు కింద పెట్టాడు. నీళ్ళు నములుతాడనుకున్నాడు బైండరు. అతను నమల్లేదు.

“మార్చాను. ఎప్పుడో కనిపెట్టి ఊరుకున్నావనుకున్నానే!”

“ఎందుకు చేశావురా?”

“ఎందుకేంటి బావా? ఎక్కడికెళ్ళినా సూది, సూది అని నీ పేరే. ‘సూది బావమరిది’ అనేవాళ్ళు నన్ను. నాకంటూ ఒక పేరుండేదా? ఒక్క ఏడాదికే అనుకున్నా. తర్వాత తిరిగి పెట్టేద్దామనుకున్నా, నువ్వు ఆడటమే మానేశావు.”

“చెయ్యి పోయిందనుకుని మానేశాను.”

“ఆ మాట జనం అన్నారు, నువ్వన్నావు. నేనెక్కడన్నాను?”

“నా గొట్టం ఎక్కడ?”

“నా తుపాకీకి పెట్టుకున్నా. దాంతో పాటే అమ్మేశా, ఎనిమిదేళ్ళవుతోంది. ఎవరికో కూడా గుర్తులేదు.” స్క్రూడ్రైవరు మళ్ళీ తీసుకుంటూ, “అక్కకి చెప్పకు బావా,” అన్నాడు.

ఇంటికెళ్ళి ధర సంగతి మాత్రం చెప్పాడు. భార్య, “మా తమ్ముణ్ణి తీసుకెళ్ళాల్సిందండీ. వాడైతే మీలా మెతకగా ఊరుకునేవాడా?” అంది. అతను కాళ్ళు కడుక్కునే మిషతో దొడ్లోకి వెళ్ళిపోయాడు.

మర్నాడు పొద్దున్నే షాపు తెరవగానే వెళ్ళి అమ్మకం కాగితం మీద సంతకం పెట్టాడు. ఇచ్చిన నోట్లు లెక్కపెట్టకుండానే జేబులో పెట్టుకున్నాడు.

“ఒక్కటడగనా? గురి తప్పని తుపాకీ ఏదైనా ఇస్తారా, ఐదు గుళ్ళు కొట్టి చూస్తాను.”

షాపు వెనక గోడకి చెక్క పలక, దానికి గుండ్రాల కాగితం ఉన్నాయి. బైండరు తుపాకీ భుజానికి ఆనించి, ఊపిరి బిగబట్టాడు. నల్లటి గుండ్రం రెండై, మళ్ళీ ఒకటైంది. ఎడమ మోచెయ్యి సన్నగా వణకడం మొదలుపెట్టింది. ఐదు గుళ్ళూ కొట్టాక దగ్గరికెళ్ళి చూసుకున్నాడు. మూడు కాగితం అంచున పడ్డాయి. రెండు కాగితానికే తగల్లేదు.

“చాన్నాళ్ళయింది కదా మాస్టారూ,” అన్నాడు షాపాయన మర్యాదగా.

అవును, చాన్నాళ్ళయింది. ఆ ఇరవై రెండేళ్ళలో చెయ్యి నిజంగానే పోయింది. ఎప్పుడు పోయిందో, ఆడుతూ ఉంటే ఎన్నాళ్ళుండేదో ఇక తెలిసే దారి లేదు.

వచ్చిన డబ్బు రెండు నెలల అద్దెకి సరిపోయింది. కటింగు మిషనుని పాత ఇనుము కింద తూకానికి అమ్మేశారని తర్వాతి వారం తెలిసింది.

ఆ ఆదివారం బావమరిది ఎప్పటిలాగే భోజనానికి వచ్చాడు. గుమ్మంలోనే కాసేపు తటపటాయించాడు. “అక్కడే నిలబడ్డావేంరా?” అంటూ భార్య వంటింట్లోంచి కేకేసింది. బైండరు లేచి, అతను కూర్చోవడానికి కుర్చీ జరిపాడు.